పాకం చూసిన వేళ్ళు

శనివారం ఉదయం ప్రార్థన ముగిసిన వెంటనే సూదులు ఉడకబెట్టడం నా పని. నీళ్ళు తెర్లడం మొదలైన తరువాత కూడా చాలాసేపు ఆగాలి. ఆ ఆగడం చేతకానివారు రోగుల జోలికి పోకూడదని డాక్టరమ్మగారి అభిప్రాయం. నాదీ అదే అభిప్రాయం కాబట్టి మా ఇద్దరికీ పొత్తు కుదిరింది.

అప్పుడు నేను అనకాపల్లిలో మిషను వారి ఆడపిల్లల పాఠశాలలో ఉపాధ్యాయినిని. వారమంతా పాఠాలు చెప్పి, శనివారం సెలవు నాడు ఆసుపత్రి వారి జోడెడ్ల బండిలో పల్లెలకు వెళ్ళేదాన్ని. రోగుల మాటలు డాక్టరమ్మగారికి ఇంగ్లీషులోనూ, ఆమె మాటలు రోగులకు తెలుగులోనూ చెప్పేదాన్ని. నన్ను ఎవరూ నియమించలేదు. నాకు చదువు చెప్పినవారు పరాయి దేశం నుంచి వచ్చి మా వీధుల్లో తిరిగి చెప్పారు. ఆ చదువులో కొంత భాగమైనా తిరిగి వీధుల్లోకే పోవాలని అనిపించి వెళ్ళాను.

డాక్టరమ్మగారు కూడా జీతానికి వచ్చినవారు కారు. యుద్ధకాలంలో తమ దేశంలో గాయపడిన సైనికులకు చికిత్స చేసి, యుద్ధం ముగిశాక కొన్ని సంవత్సరాలు సేవకు ఇస్తానని మిషను వారికి మాట ఇచ్చి ఓడెక్కారు. పొడుగాటి మనిషి. ఎండకు ముఖం ఎర్రగా కమిలిపోయేది. గొడుగు పట్టుకోమంటే, రెండు చేతులకూ పని ఉండగా గొడుగు ఎవరు పడతారని అడిగేవారు.

మేము చూసేది ముఖ్యంగా ఒకే రోగాన్ని. పల్లెల్లో దానిని కుష్ఠు అని పేరు పెట్టి పిలిచేవారు కారు. పెద్దరోగం అనేవారు. తుమ్మపాల దాటిన తరువాత రోడ్డు పక్కన ఒక చింతచెట్టు కింద బల్ల వేసుకునేవాళ్ళం. చాల్మోగ్రా గింజల నూనెను సూదితో చర్మం కిందికి ఎక్కించడమే అప్పటి వైద్యం. అది నొప్పి పెట్టే వైద్యం, సంవత్సరాల తరబడి సాగే వైద్యం. చెట్టు కింద కూర్చున్నవాడి సంగతి లోకానికి తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ తమ ఊరికి దగ్గరగా ఉన్న చెట్టు కింద కూర్చునేవారు కారు. కొండకర్ల వైపు వాళ్ళు తుమ్మపాలకు నడిచి వచ్చేవారు. తుమ్మపాల చుట్టుపక్కల వాళ్ళు ఇంకెక్కడికో పోయేవారు. ఇది శ్రమ తప్ప మరేమీ కాదని డాక్టరమ్మగారు అనేవారు. నేను ఆ మాటను తెలుగులో చెప్పేదాన్ని. వాళ్ళు తల ఊపేవారు. మరుసటి వారం మళ్ళీ దూరపు చెట్టు కిందికే వెళ్ళేవారు.

ఒక మాఘమాసంలో, చెరకు ఆడే రోజుల్లో, పని ముగించుకుని తిరిగి వస్తుంటే రోడ్డు పక్క గానుగ దగ్గర మమ్మల్ని ఆపారు. మా ప్రాంతంలో బెల్లం వండే చోటు ముందు నుంచి పోయేవాళ్ళను వట్టి నోటితో పోనివ్వరు. చెరకు ముక్కకు వేడి పాకం చుట్టి చేతిలో పెడతారు. మేము దిగాము. ఎడ్లు ఇనుప గానుగ చుట్టూ తిరుగుతున్నాయి. పొడుగాటి పొయ్యిలో ఎండిన చెరకు పిప్పి భగభగ మండుతోంది. పెనంలో రసం పొంగి, పొంగు అణగి, బంగారు రంగుకు తిరుగుతోంది.

పెనం దగ్గర నడివయసు మనిషి ఒకడు గరిటెతో నిలబడి ఉన్నాడు. ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకు పాకం చూసేవాడు అతనే. పెనాన్ని పొయ్యి మీద నుంచి ఎప్పుడు దించాలో చెప్పడం అతని పని. కాస్త ముందు దించితే బెల్లం గట్టిపడదు, నీరు కారుతుంది. కాస్త ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. అనకాపల్లి బజారులో వర్తకుడు బెల్లం దిమ్మను పగలగొట్టి చూసి ఒక్క చూపులో వెల కట్టేస్తాడు. అంటే రైతు సంవత్సరపు కష్టమంతా ఆ మనిషి నోటి నుంచి వెలువడే ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది.

పాకం చూసేవాళ్ళు చల్లని నీళ్ళలో వేళ్ళు ముంచి, చటుక్కున పాకాన్ని తీసి, మళ్ళీ నీళ్ళలో ముంచి ఉండ చుడతారు. ఇతను నీళ్ళ ముంత వైపు చూడనైనా చూడలేదు. చివరి రెండు వేళ్ళనూ గరిటెలా వంచి, ఉడుకుతున్న పాకంలో ముంచి తీశాడు. బొటనవేలితో, చూపుడువేలితో ఉండ చుట్టాడు.

"సూడండమ్మగోరూ, మా బావ సెయ్యి సూడండి. నిప్పుకీ ఆడికీ సుట్టరికం," అన్నాడు పిప్పి ఎగదోసే మనిషి.

"సుట్టరికం కాదురా, నూకాలమ్మ తల్లి వరం," అన్నాడు ఎడ్లు తోలేవాడు. "ముందర్లో మనలాగే నీళ్ళలో ముంచీవోడు. ఈమద్దిన ఆ రెండేళ్ళకీ నీళ్ళే అక్కర్లేదు."

"మరి నువ్వూ సెయ్యెట్టు, నీకూ ఇత్తాదేమో వరం."

"సెయ్యి పోతే మా ఆడది నన్నింట్లోకి రానిత్తాదేటి?"

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. "ఊరుకోండెహె, పాకం మీదికొత్తంది," అని వాళ్ళను కసిరి, ఇంకొకసారి వేళ్ళు ముంచి, "దించండి" అన్నాడు. ఆ మాటతో నలుగురు మనుషులు పెనాన్ని ఎత్తారు. అంత అధికారం గల మాటను నేను తరగతి గదిలో కూడా ఎప్పుడూ అనలేకపోయాను.

డాక్టరమ్మగారు చెరకు ముక్కను పక్కన పెట్టేశారు. ఆమె ముఖం మారింది. దగ్గరికి వెళ్ళి, వచ్చిన కొద్దిపాటి తెలుగులో, "చెయ్యి చూపండి" అన్నారు. అతను గర్వంగానే చూపాడు. చిటికెనవేలూ దాని పక్కవేలూ లోపలికి వంగి ఉన్నాయి. ఎప్పటి నుంచి అలా ఉన్నాయని అడిగించారు.

"పాకం తీసీతీసీ గరిటిలాగ వొంగిపోనాయమ్మా. పనోడి సెయ్యి గదా," అన్నాడు.

అరచేతి అంచున పాత మచ్చలున్నాయి. వాటి పక్కనే అతనికే తెలియని కొత్త బొబ్బ ఒకటి ఉంది. మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఉంది. డాక్టరమ్మగారు నేల మీద పడి ఉన్న కోడి ఈకను తీసుకున్నారు. కళ్ళు మూసుకోమని, ఈక తగిలినప్పుడల్లా ఎక్కడ తగిలిందో చెప్పమని నా చేత చెప్పించారు. బోర్లించిన గంప మీద అతను కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. గానుగ దగ్గరివాళ్ళంతా ఇదేదో ఆట అనుకుని చుట్టూ మూగారు.

"బొటనేలు," అన్నాడు అతను.

"సెబాసు బావా!"

"సూపుడేలు."

"కళ్ళు సందులోంచి సూత్తన్నాడమ్మగోరూ, గట్టిగా మూయించండి!"

తరువాత ఈక చిటికెనవేలి మీదికి వెళ్ళింది. అక్కడి నుంచి అరచేతి అంచుకు, అక్కడి నుంచి మోచేతి కింది మచ్చ మీదికి, మళ్ళీ చిటికెనవేలి మీదికి. అతను తల కొంచెం పక్కకు వంచి ఓపికగా ఎదురుచూస్తున్నాడు.

"ఏటమ్మా, ఎంతసేపు? కానీండి," అన్నాడు నవ్వుతూ.

ఈక అప్పుడు అతని చిటికెనవేలి మీదనే ఉంది.

"బావా..." అని ఎవరో మొదలుపెట్టి ఆగిపోయారు. ఎడ్లు తిరుగుతూనే ఉన్నాయి. పిప్పి ఎగదోసేవాడు చేతిలోని పిప్పిని కింద పెట్టాడు. చెరకు ఆకులు ఏరుకుంటున్న ముసలమ్మ ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. అతను నవ్వు ముఖంతోనే కళ్ళు తెరిచి, ముందు ఈకను చూశాడు, తరువాత మనుషుల ముఖాలు చూశాడు. రోగం పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

గానుగ ఆసామి మంచివాడే. నేల చూస్తూ, "ఒరే, ఆ గరిటి కిందెట్టీరా," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో నేను డాక్టరమ్మగారితో ఉన్న మాట ఉన్నట్టు చెప్పాను. రోగిని చూడడానికి ఆసుపత్రిలో గది ఉన్నది, ఆ గదికి తలుపు ఉన్నది అన్నాను. వెలుతురు బాగుందని, చుట్టూ ఉన్నది అతని స్నేహితులని అనుకున్నానని ఆమె అన్నారు.

"వాళ్ళు అతని స్నేహితులు కారా?" అని అడిగారు.

"స్నేహితులే. కాని ఆ బెల్లాన్ని వాళ్ళు బజారులో అమ్ముకోవాలి," అన్నాను.

ఆమె బండి కమ్మీ పట్టుకుని మిగిలిన దారంతా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. చేసిన పొరపాటును మాటలతో తగ్గించుకునే అలవాటు ఆమెకు లేదు.

మరుసటి శనివారం అతను మా చెట్టు కిందికి రాలేదు. అతని భార్య వచ్చింది. రోడ్డుకు అవతలి పక్క, గట్టు మీద నిలబడింది. నేను చూసీ చూడనట్టుగా ఉంటే తానే పిలిచింది.

"పంతులమ్మగోరూ, ఒక్క మాట. పెద్దరోగమేనా? అబద్దం సెప్పకండి."

"నేను అబద్ధం చెప్పను. అదే రోగం. కాని మొదట్లోనే ఉంది. సూదులు వేయించుకుంటే ముదరకుండా ఆగవచ్చు. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు."

"సావడు గదా?"

"ఈ రోగం అంత తొందరగా ఎవరినీ చంపదు."

"రోగం సంపదు సరే, ఆడే సత్తాడు," అంది. ఏడవలేదు. కోపంగా అంది. "పసువులపాకలో కూకున్నాడు. గెంజట్టుకెళ్తే అక్కడెట్టి పో అంతన్నాడు. అన్నదమ్ములు పొలం గట్టున పాకేసి అక్కడుండమంతన్నారు. దానికీ సరే అన్నాడు. ఆడికి ఇల్లొద్దు, వాకిలొద్దు. పెనం కాడ నిలబడనిత్తే సాలంట. పొద్దస్తమానం అదే మాట. పొయ్యికి దూరమైతే ఆడు బతకడమ్మా. నాకు తెలుసు, ఆడితో కాపరం సేత్తన్నది నేను."

కొత్తగా పిలిపించిన మనిషి చేతిలో బెల్లం బంకలాగా సాగుతోందని, దిమ్మ నిలబడడం లేదని కూడా చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం సంతోషం లేకపోలేదు.

డాక్టరమ్మగారికి అంతా చెప్పాను. ఆమె వరుసలో మిగిలినవారందరికీ సూదులు వేయడం ముగించి, పెట్టె మూసి, గానుగ దగ్గరికి పోదాం పదండి అన్నారు. ఆమె వెనుక నేను, నా వెనుక చాలా దూరంగా ఆ ఇల్లాలు నడిచాము.

ఆసామి మాకు మంచం వాల్చాడు కాని ఈసారి పాకం ఇవ్వలేదు. ఇంత ఉడికిన పాకం ద్వారా ఈ రోగం అంటదని, అతడు పొయ్యి దగ్గర నిలబడితే ఎవరికీ హాని లేదని డాక్టరమ్మగారు చెప్పారు. నేను మాట పొల్లు పోకుండా తెలుగులో చెప్పాను.

"అమ్మగోరూ, మీరు సదుంకున్నోరు. నిజమే అవ్వొచ్చు," అన్నాడు ఆసామి. "రేపు బజార్లో దిమ్మ పగలగొట్టి, ఇది పెద్దరోగపోడు ముట్టిన బెల్లమా అనడిగితే నేనేటి సెప్పాల? మీరొచ్చి సెప్తారా?"

"వస్తాను," అన్నారు డాక్టరమ్మగారు.

"మీరక్కడ నిలబడితే ఇంకొక్కడు కూడా కొనడమ్మా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆసామికి కూడా నవ్వు వచ్చింది కాని అది ముఖంలో ఎంతోసేపు నిలవలేదు. కోసిన చెరకు కుప్పలుగా పడి ఉంది. కోసిన చెరకు ఎవరి కోసమూ ఆగదు, రోజు రోజుకూ తియ్యదనం పోతుంది. పెనం దగ్గర కొత్త మనిషి గరిటె పైకెత్తి చూస్తూ, తేల్చుకోలేక మళ్ళీ ముంచుతున్నాడు.

అప్పుడు పిప్పి కుప్ప అవతలి నుంచి ఒక అరుపు వినబడింది.

"మంట తగ్గించండ్రా! మాడిపోతంది, వోసన తెలడం లేదేట్రా మీకు?"

అతను ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. చేతులు రెండూ తువ్వాలులో చుట్టుకుని ఉన్నాడు. పొయ్యి దగ్గరివాళ్ళు ఆలోచించకుండానే పిప్పిని వెనక్కి లాగారు. అంతకాలపు అలవాటు అది.

భార్య ఆసామి ముందుకు వచ్చింది.

"బాబూ, ఆడు ముట్టుకోడు. అక్కడే నిలబడి సెప్తాడు. ముట్టుకోడానికి ఒక సెయ్యి కావాల, అంతే గదా. నా సెయ్యుంది."

"ఆడది పెనం కాడికా?" అన్నాడు ఆసామి. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళను పాకం దగ్గరికి రానిచ్చేవారు కారు. ఆడదాని నీడ పడితే పాకం చెడిపోతుందని నమ్మకం. చెరకు నరకడం, మోయడం, పిప్పి ఎండబెట్టడం అంతా ఆడవాళ్ళే చేసేవారు. ఆ నీడకు అప్పుడు ఏ దోషమూ ఉండేది కాదు.

"ఇప్పటికే సెడిపోనాది గద బాబూ," అన్నాడు ఎడ్లు తోలేవాడు. "ఇంక సెడడానికేటి మిగిలింది?"

ఆసామి ఒక చెరకు గడను తీసి, పెనానికి పది పన్నెండడుగుల దూరాన నేల మీద అడ్డంగా పడేశాడు. "ఇది దాటి రాకు," అన్నాడు అతనితో. అతను తల ఊపి గడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అంత తొందరగా వచ్చిన మనిషిని చూసి నాకు జాలి కలిగింది. జాలి నాకు సులభంగా కలిగేది కాదు.

ఆమె నీళ్ళ ముంతలో వేళ్ళు ముంచి, గరిటె మీది పాకాన్ని తీసుకుంది. ముఖం చిట్లించింది కాని చెయ్యి విదల్చలేదు.

"ఎలాగుంది?" అన్నాడు అతను.

"సాగతంది."

"తీగలాగా? జిగురులాగా?"

"తీగలాగ."

"ఆగు."

అతను పొగ వైపు ముఖం పెట్టి, నురుగు చప్పుడు వింటూ నిలబడ్డాడు. కొంతసేపటికి మళ్ళీ అడిగాడు.

"ఉండవుతంది. మెత్తగుంది," అంది.

"నీళ్ళలో పడీ. మళ్ళీ తియ్. ముంతకేసి కొట్టు. సప్పుడొత్తందా?"

"రాలేదు."

"ఆగు. తొందరపడకు."

ఇంకొకసారి ఉండను ముంతకు కొట్టినప్పుడు గులకరాయి తగిలినట్టు టంగుమంది. ఆమె చెప్పే లోపే అతను విన్నాడు. "దించండి!" అని అరిచాడు. నలుగురూ పెనాన్ని ఎత్తారు. ఆ రోజు పోసిన దిమ్మలు నిలబడ్డాయి.

డాక్టరమ్మగారు మందు పెట్టె తెరిచి ఆమె వేళ్ళు చూశారు. బొబ్బలు లేచాయి. మందు రాస్తుంటే అతను గడకు అవతలి నుంచి మెడ చాచి చూస్తున్నాడు.

"కాలిందేటి?" అన్నాడు.

"కాలకుండా ఉంటాదా? నిప్పు గదా."

అతను తువ్వాలు లోపల ఉన్న తన చేతిని చూసుకుంటున్నట్టుగా తల వంచి, "అలాగే కాలాలంట. కాలకపోడమే మంచిది కాదంట," అన్నాడు.

ఆ పై శనివారం నుంచి అతను సూదులకు వచ్చాడు. తన ఊరికి దగ్గరగా ఉన్న మా చింతచెట్టు కిందికే వచ్చాడు. దాచడానికి ఏమీ మిగలని మనిషికి దూరం నడవవలసిన పని లేదు. కొన్ని నెలలకు అదే ఊరి నుంచి ఇంకొకడు, తరువాత ఒక తల్లీ కూతురూ వచ్చి అతని పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. సూది పడేటప్పుడు మిగిలినవాళ్ళు మూలిగేవారు. అతనికి ఆ చేతిలో కొంత భాగం నొప్పి తెలిసేది కాదు. అది చూసి పక్కవాడు, "నీకేం బావా, అదురుస్టమంతుడివి," అంటే, "నువ్వూ తొరలోనే అవుతావులే," అనేవాడు. ఆ పరాచికాన్ని నేను డాక్టరమ్మగారికి ఇంగ్లీషులో చెప్పలేదు. ప్రతి మాటా భాష మారదు.

ఆమె గడువు ముగిసి స్వదేశానికి ప్రయాణమైన సంవత్సరం, ఆఖరి శనివారం నాడు చెట్టు కింద పని అంతా అయ్యాక అతన్ని ఆగమన్నారు. ఒక వాక్యాన్ని నా దగ్గర ముందుగానే నేర్చుకుని వచ్చారు. చేతులు ముందు కట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లలా నిలబడి అన్నారు: "ఆ రోజు అందరి ముందూ మీ చెయ్యి చూశాను. ముందు మిమ్మల్ని అడగవలసింది."

అతను ఇబ్బంది పడ్డాడు. "అడిగితే నేను సూపనుగదమ్మా," అన్నాడు.

ఆమె ఆ మాట అర్థం చేసుకున్నారు. నా సహాయం అడగలేదు. ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం చేసుకున్నారు. ఆమెను రైలెక్కించి వచ్చిన తరువాత కూడా నేను శనివారాలు మానలేదు. ఆసుపత్రిలో కాంపౌండరు, దేశీయ నర్సు ఒకామె ఉన్నారు. సూదులు నేనే ఉడకబెట్టేదాన్ని.

ఆ తరువాతి చెరకు కాలం చివరలో అతనికి జ్వరం తగిలింది. ఈ రోగంలో ఒక్కొక్కప్పుడు అటువంటి జ్వరం వస్తుంది. ఒళ్ళంతా కణుతులు లేచి, నరాలు లాగి, మనిషి మంచం మీద మెలికలు తిరుగుతాడు. మిషను ఆసుపత్రిలో చేర్చారు. నేను పాఠశాల అయ్యాక వెళ్ళి నుదుటి మీద తడిగుడ్డ మార్చేదాన్ని. చాలా రోజులు మనుషులను గుర్తుపట్టలేదు. భార్య వచ్చి మంచం పక్కన నిలబడితే, ఎవరమ్మా నువ్వు అని అడిగాడు. ఆమె బయటికి వెళ్ళిపోయి, ఆ మధ్యాహ్నమే ఊరికి తిరిగి వెళ్ళి, ఆ సంవత్సరపు ఆఖరి పెనాన్ని ఒక్కతే చూసి దించింది. దిమ్మలు మచ్చ లేకుండా వచ్చాయని తరువాత విన్నాను.

అతను కోలుకున్నాడు. నీరసం మిగిలింది. మళ్ళీ చెరకు కాలం వచ్చే ముందు, ఒక శనివారం, భార్యాభర్తలిద్దరూ చెట్టు కింద వరుసలో కూర్చుని ఉండగా గానుగ ఆసామి సైకిలు మీద వచ్చాడు. సైకిలు రోడ్డుకు అవతల నిలబెట్టి, అక్కడి నుంచే ఆమెను పిలిచాడు.

"ఎల్లుండి గానుగ మొదలెడతన్నామే అమ్మీ. నువ్వొక్కదానివీ రా. ఆడికి సుస్తీ గదా, ఇంటికాడుండనీ. ఇచ్చీది తగ్గించను."

అతను చొక్కా చేతిని మోచేతి పైకి మడిచి తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. నేల వైపు చూశాడు.

"నేనొక్కదాన్నేటి సేత్తాను బాబూ?" అంది ఆమె. "నా ఏళ్ళు గరిటిలాటియి. గరిటికి పాకమేటి తెలస్తాది?"

"అదేటే, పోయినేడు ఆఖరి పెనం నువ్వొక్కదానివే దించేవు గదా. ఆడు ఆసుపత్రిలో ఉన్నాడు."

"ఆడు ముందే సెప్పి పంపేడు. ఎలాగ సూడాలో, ఎప్పుడు దించాలో, అన్నీ సెప్పేడు. ఆడు సెప్పినట్టే నేను సేసేను."

ఆసామి నమ్మలేదు. అతను బుద్ధిలేనివాడు కాడు. నా వైపు తిరిగాడు.

"నిజమేనా పంతులమ్మగోరూ? మీరు ఆసుపత్రిలో ఉన్నారు గదా. మీరు అబద్దమాడరని ఊరంతా అంతారు."

ఆమె నా వైపు చూడలేదు. కొంగు అంచును మడతపెడుతూ కూర్చుంది. అతను మాత్రం తల ఎత్తాడు. ఆ రోజుల్లో తాను ఏమి అన్నాడో, ఏమి అనలేదో అతనికే తెలియదు. జ్వరం అదంతా తుడిచేసింది. ఆసామి ఎంత ఆత్రంగా అడిగాడో, అంతకంటే ఎక్కువ ఆత్రంగా అతను నా జవాబు కోసం చూస్తున్నాడు. తాను పలవరింతలోనైనా ఆ పాకం గురించి చెప్పి ఉంటాడని నమ్మాలని అతని ముఖమంతా కోరుతోంది.

నా జీవితంలో తప్పు మాటను సరిదిద్దకుండా వదిలిపెట్టిన సందర్భాలు చాలా తక్కువ. పిల్లలు చెప్పినా, పెద్దలు చెప్పినా, పాస్టరుగారు చెప్పినా ఊరుకోలేదు.

"ఆయన ఎండలో నడవకూడదని ఆసుపత్రిలో చెప్పారు," అన్నాను ఆసామితో. "బండి పంపించండి. ఇద్దరినీ అందులోనే తీసుకువెళ్ళండి."

ఆసామి నన్ను చాలాసేపు చూశాడు. "ఎడ్లు కాళీగా లేవు," అన్నాడు. తరువాత, "సూత్తాను," అన్నాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం ఇద్దరూ చెట్టు కిందికి రాలేదు. సూది తప్పడం నాకు ఇష్టం లేదు. కాంపౌండరును వెంటబెట్టుకుని గానుగ దగ్గరికి వెళ్ళాను. పెనం చివరి ఉడుకులో ఉంది. అతను చెరకు గడ వెనుక, ఈసారి ఎవరో వేసిన పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పెనం పక్కన ఉంది. ఇప్పుడు ముఖం చిట్లించడం లేదు.

వేళ్ళు ముంచి పాకం తీసింది. నీళ్ళలో ఉండ చుట్టింది. నేను దగ్గరగానే ఉన్నాను కాబట్టి స్పష్టంగా చూశాను. ఉండ గట్టిపడి ఆమె వేళ్ళ మధ్య గోళీలా నిలిచింది. ఆమె దానిని ముంతకు కొట్టలేదు. ఏ చప్పుడూ చేయలేదు. పెనం ఎత్తవలసిన నలుగురూ తలగుడ్డలు సర్దుకుని ఆమె ముఖం వైపు చూస్తున్నారు. ఆమె మాత్రం గడ అవతలి మనిషి వైపు చూస్తూ, గట్టిపడిన ఉండను చేతిలో అలాగే పట్టుకుని నిలబడింది.

"ఎలాగుందే?" అన్నాడు అతను.

"నాకేటి తెలుసు? నువ్వే సెప్పాల," అంది.

అతను పీట మీద నుంచి లేచాడు. పొగ వైపు ముఖం పెట్టి, కళ్ళు సగం మూసి, ఉడుకు చప్పుడు విన్నాడు.

"దించండి," అన్నాడు.